వేరే పేరు లేదన్నాను

మా మనవరాలు పొద్దున్నే మెడలో కార్డు తగిలించుకుని ఆఫీసుకు పోతుంది. ఆ కార్డు మీద దాని ఫోటో, పేరు ఉంటాయి. అది లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారట. ఒకరోజు మరిచిపోయి సగం దారి నుంచి వెనక్కి పరుగెత్తుకొచ్చింది. "నీ పేరు చెబితే సరిపోదటే?" అని అడిగాను. "నా పేరు నేనే చెబితే ఎవరు నమ్ముతారు నానమ్మా!" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

ఆ ఆఫీసులున్న చోట ఒకప్పుడు రాళ్ళగుట్టలూ జొన్నచేలూ ఉండేవి. మా ఇల్లు హఫీజ్‌పేట పక్కన. చేల గట్ల మీదుగా నడిచి స్టేషనుకు పోయేవాళ్ళం. మా అమ్మ ఆ స్టేషను దాకా వచ్చి, ఆ గట్టు ఎక్కకుండానే వెనక్కి పోయింది. ఎందుకు పోయిందో ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకూ వయసు మీద పడింది. ఇంకా దాచుకుని ఏం చేసుకోను?

నా పుట్టిల్లు కృష్ణా జిల్లాలో, నందిగామ దగ్గర. అది ఇంగ్లీషువాళ్ళ ఇలాకా. మా అత్తవారిది నైజాం. నాకు మా అమ్మమ్మ పేరు పెట్టారు. మా అమ్మ పసిపిల్లగా ఉన్నప్పుడే వాళ్ళ అమ్మ పోయింది. అందుకే నన్ను పిలిచే సాకుతో వాళ్ళ అమ్మను పిలుచుకునేది. పనేమీ లేకపోయినా పిలిచేది. "ఏంటే అమ్మా?" అంటే "ఏం లేదులే" అనేది.

అత్తవారింట అడుగుపెట్టిన రోజే ఆ పేరు పోయింది. మా అత్తగారి పేరు కూడా అదే మరి. మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి కేకేస్తే కన్నతల్లిని కేకేసినట్టే అవుతుంది. అలాంటప్పుడు కోడలి పేరు మార్చడం వాళ్ళింటి ఆచారం. గడప లోపల పీట వేసి, పళ్ళెంలో బియ్యం పోసి, మా ఆయన చేత ఉంగరంతో కొత్త పేరు రాయించారు. "ఇగ ఇదే నీ పేరు బిడ్డా. పాతది మర్చిపో" అంది అత్తగారు. ఆవిడ మంచిదే. నేనా, పధ్నాలుగేళ్ళదాన్ని. కొత్త చీర దొరికినట్టే కొత్త పేరు దొరికిందనుకున్నాను.

ఆషాఢానికి పుట్టింటికి వెళ్ళినప్పుడు అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే వాళ్ళ అమ్మను మళ్ళీ పోగొట్టుకున్నట్టు ఏడుస్తుందని భయం. ఆ తర్వాతా చెప్పలేదు. అక్కడ ఒక పేరు, ఇక్కడ ఒక పేరు, రెండిళ్ళలోనూ హాయిగానే బతికాను. దాచినదానికి కాళ్ళొస్తాయని అప్పటికి నాకు తెలియదు.

నాలుగైదేళ్ళకు అత్తగారు గత్తర తగిలి పోయింది. కలరాను మా ఊళ్ళో గత్తర అనేవాళ్ళు. అంతకుముందే మా నాన్న పోయాడు. తోబుట్టువులు లేరు నాకు. అక్కడ అమ్మ ఒక్కతే మిగిలింది. విస్తళ్ళు కుట్టి పొట్ట పోసుకునేది. ఎవరిచేతో ఉత్తరం రాయించింది: "రోజులు బాగాలేవు. ఒక్కదాన్నే పడుకోవాలంటే భయంగా ఉందే." ఇక్కడి రోజులు అంతకంటే అధ్వాన్నంగా ఉన్నాయి. నైజాం దేశంలో కలుస్తాడో కలవడోనని ఊళ్ళన్నీ బిక్కుబిక్కుమంటున్నాయి. పరాయి ఇలాకా మనిషి కనిపిస్తే ఎవరు, ఎందుకొచ్చారు అని ఆరా. ఇక్కడి వాళ్ళు ముల్కీలు. నాబోటి వాళ్ళు గైర్‌ముల్కీలు.

మా ఆయన్ను కూర్చోబెట్టి పట్వారి ఒక దారి చెప్పాడు. "ముల్కీని చేసుకున్నది గద, నీ భార్య గూడ ముల్కీనే. గని కాగితం ఉండాలె. ముందు ఆమెకు కాగితం కానీయ్. అది చేతిల ఉంటె వాళ్ళ అమ్మను తెచ్చుకుంటమని దరఖాస్తు పెట్టొచ్చు."

ఆ రోజు నుంచి నాకు కాగితం తప్ప ఇంకో ధ్యాస లేదు. కాగితం వస్తుంది, అమ్మ వస్తుంది, వెనక గదిలో పడుకుంటుంది. ఆ గది రెండుసార్లు అలికాను కూడా.

ఎండలు ముదిరిన రోజుల్లో పట్నం ఆఫీసుకు రమ్మన్నారు. పొద్దున బండికి వెళ్ళాం. దారిలో మా ఆయన మెల్లగా అన్నాడు. "పాత పేరు ముచ్చట ఎత్తకు. ఎత్తితే ఇంకో నలుగురు సాక్షులను తెమ్మంటరు. ఉత్తగ పరేషాన్." సరేనన్నాను.

గుమాస్తా ముసలాయన. ఉర్దూలో అడుగుతుంటే మా ఆయన తెలుగులో చెప్పేవాడు. ఏ ఊరు, ఎన్నేళ్ళయింది, పిల్లలెందరు. చివర్లో గుమాస్తా కలం ఎత్తి నా వైపు చూశాడు. "నీకు వేరే పేరేమన్న ఉన్నదా అని అడుగుతున్నరు" అన్నాడు మా ఆయన.

"లేదు" అన్నాను.

ఎంత తేలిగ్గా అన్నానో! నోరు కూడా తడారలేదు. బొటనవేలు సిరాలో ముంచి వేలిముద్ర వేయించుకున్నారు. కాగితం ఇంటికొస్తుందన్నారు. ఆ సంతోషంలో పట్నం వీధుల్లో గాజులు కూడా వేయించుకున్నాను.

సాయంత్రం మా స్టేషనులో దిగేసరికి హమాలీ ఒకడు గోడకు ఆనుకుని ఏదో నములుతున్నాడు. వాసన నా ముక్కుకు తగిలింది. తాటి తాండ్ర! మా అత్తవారి వైపు తాటిచెట్టంటే కల్లే గానీ, పండు పిండి తాండ్ర పోసే మనిషి నాకు కనబడలేదు. "ఎక్కడిది?" అని ఆత్రంగా అడిగాను.

"ఎవరో ముసలామె ఇచ్చింది తల్లీ. ఎవరి కోసమొచ్చిందో, ఆ మనిషి సచ్చిపోయిందట. ఏడ్సుకుంట మూట నా చేతుల పెట్టి పగటి బండెక్కింది. జర నువ్వు గూడ తిను" అని ఒక ముక్క విరిచి ఇచ్చాడు.

తిన్నాను. నిలబడి, చప్పరించుకుంటూ తిన్నాను. "నడువు, పొద్దు గుంకుతున్నది" అన్నాడు మా ఆయన. గట్ల మీద నడుస్తూ, అమ్మ వచ్చాక ఇలాంటిదే పోయించుకోవాలనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ గుమ్మంలో ఉంది. "మీ అత్త కోసం స్టేషన్‌కెల్లి జవాను వచ్చిండు. మీ ఇంటిపేరు చెప్పి, ఆమె పేరు చెప్పి, ఉన్నదా అని అడిగిండు. ఏడున్నది పాపం, పోయినేడే గత్తరల పాయె అని చెప్పిన" అంది. అత్తగారి పాత చుట్టాలెవరో అయ్యుంటారు, పోయిన సంగతి తెలియదు కాబోలు, అనుకున్నాం. ఆ ఊళ్ళో ఆ పేరు ఆవిడది. నాది కాదు. ఒక్క క్షణమైనా నాదనిపించలేదు. తాండ్ర తీపి ఇంకా నాలుక మీదే ఉంది, అయినా తట్టలేదు. నా మీద నాకు కోపం ఈ ముక్క దగ్గరే. ఇన్నేళ్ళయినా ఆరలేదు.

వానాకాలంలో కాగితం వచ్చింది. ఉర్దూలో నా కొత్త పేరు, కింద గుండ్రటి ముద్ర. రైకలో పెట్టుకుని తిరిగాను. అమ్మ దరఖాస్తు పట్వారి రాసేలోపే మిలిటరీ వచ్చింది, నాలుగైదు రోజుల్లో రాజ్యం మారింది. ముల్కీ కాగితం అడిగే నాథుడే లేడు. కార్తీకంలో నేనూ మా ఆయనా నందిగామ బయల్దేరాం. అయినా రైల్లో కాగితం కొంగున కట్టుకునే కూర్చున్నాను.

అమ్మ అరుగు మీద విస్తళ్ళు కుడుతోంది. "అమ్మా" అన్నాను.

తలెత్తింది. నా మొహం చూడలేదు. నా పాదాలు చూసింది. దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పుడు నాకు చెప్పింది ఆవిడే.

"నువ్వులూ నీళ్ళూ వదిలించానే తల్లీ, కాకికి ముద్ద కూడా పెట్టాను. ఇంకా ఎందుకు తిరుగుతున్నావే?" అంది. గొంతులో భయం లేదు. బతిమాలుతోంది.

అప్పుడు మా ఆయన ముందుకొచ్చాడు. ఇరుగుపొరుగు పోగయ్యారు. అందరి మధ్యా అమ్మ కథ బయటపడింది. ఒక్కతే ఉండలేక, రాయించిన ఉత్తరానికి జవాబు అందక, ఎవరినో పట్టుకుని రైలెక్కిందట. పర్మిట్ లేదని స్టేషనులో జవాను ఆపాడట. ఊళ్ళోంచి నీ వాళ్ళెవరైనా వచ్చి జామీను ఉంటేనే వదులుతానన్నాడట. ఇంటిపేరు చెప్పింది. నా పేరు చెప్పింది. ఆ జవాను వెళ్ళి వచ్చి, "నీ బిడ్డ పోయినేడే గత్తరలో పోయింది. ఇంక నీకిక్కడేం పని?" అని తిరుగు బండి ఎక్కించాడు. అల్లుడైనా ఒక కార్డు ముక్క రాయలేదే అని దారంతా ఏడ్చిందట.

నేను ఆవిడ చేతిని నా చెంపకు ఆనించుకున్నాను. "వెచ్చగానే ఉన్నావు" అంది. అంతే. పేరు మార్చిన సంగతి చెప్పి కాళ్ళ మీద పడ్డాను. వింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మాతో వచ్చేసింది. దారిలో ఏ స్టేషనులోనూ ఎవరూ ఏమీ అడగలేదు. అలికిన గదిలో పదకొండేళ్ళు ఉంది. మనవలను ఎత్తుకుంది, తాండ్ర పోసింది. నాకు మాత్రం అది గొంతు దిగేది కాదు. నన్ను మా అత్తవారు పెట్టిన పేరుతోనే పిలిచేది, మర్యాదగా. పాత పేరు ఒక్కసారి కూడా ఆవిడ నోట వినలేదు. ఏడాదికి ఒక్కరోజు తప్ప.

పెత్రామాస నాడు పోయినవాళ్ళ పేరు మీద అయ్యగారికి చేటలో బియ్యం, కూరగాయలు ఇవ్వడం మా ఊరి పద్ధతి. మొదటి ఏడాది మా ఆయన వాళ్ళ అమ్మానాన్నల పేర్ల మీద ఇచ్చాడు. ఆయన ఇచ్చాక, అమ్మ తను విస్తళ్ళు కుట్టి తెచ్చుకున్న బియ్యం రెండు చేటల్లో తెచ్చింది. ఒకటి మా నాన్న పేరు మీద ఇచ్చింది. రెండోది ఎవరి పేరు మీద అని అయ్యగారు అడిగితే, ఆ పేరు చెప్పింది. "చూసినవా, మీ అమ్మ మా అమ్మకు గూడ ఇస్తున్నది. ఎంత మంచి మనసు!" అన్నాడు మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ.

వంటింట్లో అడిగాను. "అమ్మా, నేను బతికే ఉన్నాను కదా."

"కాదన్నానా? నువ్వు చల్లగా ఉండాలమ్మా. అది పోయింది. దానికి పెట్టేందుకు నేను తప్ప ఎవరున్నారు?" అంది. నా వైపు చూడకుండా పొయ్యి ఊదుకుంటోంది.

పదకొండు పెత్రామాసలకూ నా ఎదుటే నా పేరు మీద బియ్యం ఇచ్చింది. పన్నెండో దానికి ఆవిడ లేదు. ఆ రోజు అమ్మానాన్నల చేటలు ఇచ్చాక, ఇంకో చేట తెచ్చి అయ్యగారి ముందు పెట్టాను. "ఇది ఎవరి పేరు మీద తల్లీ?" అన్నాడు.

ఆనాడు పట్నంలో గుమాస్తాకు చెప్పవలసిన పేరు, అప్పుడు చెప్పాను.