మా ఊరి బస్సును ఎవరు నడిపారు?

నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. చరిత్రను ఎవరు నడిపిస్తారన్నది నాకు ఇష్టమైన పాఠం. మహానుభావులు నడిపిస్తారని కొందరు, కాదు పొట్టకూడు నడిపిస్తుందని కొందరు, అదంతా గానుగెద్దు తిరుగుడేనని ఇంకొందరు. ఈమధ్య వచ్చినవాళ్లు మరీ గడుసువాళ్లు. చరిత్ర అంటూ ఒకటి లేనే లేదు, ఎవరి కథ వాళ్లదే అంటారు. పిల్లలు ఇదంతా ఓపిగ్గా విని, పరీక్షకు ఏది వస్తుంది మేడమ్ అని అడుగుతారు.

మా సొంతూరు ఉదయగిరికి అవతల, సీతారామపురం దారిలో ఒక మెట్ట పల్లె. ఊరికి ఉన్నది ఒకటే బస్సు. ఎక్కేవాళ్లు లేరని ఈమధ్య దాన్ని తీసేశారు. మా బాబాయి కూతురు ఉదయగిరి కాలేజీకి పోయేది ఆ బస్సులోనే. ఇక చదువు చాలన్నాడు బాబాయి. "ఆడపిల్లని ఆ ఆటోల్లో ఇరికిచ్చి పంపీలేను" అన్నాడు. చెల్లెలు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియక సెలవు పెట్టి ఊరికి పోయాను.

టీ కొట్టు దగ్గర అప్పటికే విచారణ నడుస్తోంది. "నేను రోడ్డు మీద పండుకుంటే వచ్చిన బస్సు అది. నన్ను పదవిలోంచి దించినారు, బస్సు పోయినాది. ఇంకేముండాది?" అన్నాడు మాజీ సర్పంచి పెద్దాయన. టీ కొట్టామె ఒప్పుకోలేదు. "వానల్లేక సగం ఊరు పనులకి పోయినాది. ఎక్కేదెవురు?" అంది. మా అవ్వది ఇంకో దారి. "నా చిన్నప్పుడూ బస్సు లేదు. వచ్చినాది, పోయినాది, మళ్లా వస్తాదిలే." నా సిలబస్ అంతా బెంచీ మీద వరసగా కూర్చున్నట్టుంది. కోపం కూడా మరిచి ముచ్చటపడ్డాను.

అయితే అసలు సంగతి అందరికీ తెలిసిందే. మా ఊళ్లో మనిషి బస్సు కోసం నిలబడడు. బస్సే మనిషి కోసం నిలబడాలి. "మా వదిన జడేసుకుంటా ఉండాది, ఒక్క నిమిషం ఆపన్నా" అని ఒకరు, "అల్లుడు సద్ది తింటా ఉండాడు" అని ఇంకొకరు. మనవాళ్ల కోసం బస్సు ఆపడం మర్యాద, ఆపకపోతే ఆ ఇంటికి అవమానం. బస్సు ఆలస్యమయ్యేసరికి తొందరున్నవాళ్లు ఆటో ఎక్కారు. ఆటోలు నిండాయి, బస్సు ఖాళీ అయింది. తిలా పాపం తలా పిడికెడు.

మనుషులు రోజువారీ అలవాట్లతో సమాజాన్ని కడతారు, తర్వాత ఆ సమాజమే వాళ్ల నెత్తిన కూర్చుంటుంది అనే కొత్త సిద్ధాంతం ఒకటుంది. దాన్ని అరటిపండు ఒలిచినట్టు చెప్పాను. అందరూ తలలూపారు.

"బాగా చెప్పినావమ్మే. ఆ పైవీధోళ్లే ఆపేది" అన్నాడు పెద్దాయన.

పైవీధికి పోయి చెబితే వాళ్లూ తలలూపి కిందివీధి వైపు చూపించారు.

చివరికి అందరం డిపోకు పోయి బతిమాలితే, కొన్నాళ్లు నడిపి చూస్తామన్నారు. జనం ఎక్కితే ఉంటుంది, లేకపోతే లేదు. బాబాయి కూడా అదే మాట పట్టుకున్నాడు. బస్సు నిలబడితే చదువు, లేకపోతే ఇల్లు.

మొదటి రోజు ఏడు గంటలకల్లా బస్సు వచ్చింది. చెల్లెలికి ఆ పొద్దున్నే పరీక్ష. ఊరంతా రోడ్డు మీదే ఉంది, ఎక్కడానికి కాదు, చూడడానికి. మేళం పెట్టించారు, బస్సుకు పూలదండ వేశారు, పసుపు పూశారు, ఫోన్లలో ఫోటోలు తీశారు. టెంకాయ మాత్రం పెద్దాయనే కొట్టాలన్నారు. ఆయనేమో ఇంకా స్నానం చేస్తున్నాడు.

"వస్తా ఉండాడు, ఒక్క నిమిషం ఆపన్నా!"

డ్రైవరు ఇంజన్ ఆపేశాడు. నేను సమాజ శాస్త్రం మొత్తం నోటికి తెచ్చుకుని అరిచాను. మేళం మోతలో ఎవరికీ వినబడలేదు. బాబాయి నేల చూపులు చూస్తున్నాడు. చెల్లెలు ఎవరి ముందూ గొంతెత్తి ఎరగదు. అట్లాంటిది బస్సెక్కి, లోపలి రేకు మీద అరచేత్తో దబదబా బాదింది.

"పోనీయన్నా! వచ్చేవోళ్లు రేపొస్తారు!"

మేళం ఆగిపోయింది. బస్సు కదిలింది. తడి తలతో, భుజాన కండువాతో పెద్దాయన మలుపు తిరిగేసరికి ఆయనకు మిగిలింది దుమ్ము. నలుగురైదుగురు కుర్రాళ్లు పరుగెత్తి ఫుట్‌బోర్డు పట్టుకున్నారు. బాబాయి మొహం పాలిపోయింది. నాకు భయం వేసింది, దాని వెనకే పట్టలేనంత సంతోషం కూడా వేసింది.

సాయంత్రం పెద్దాయన నేరుగా మా బాబాయి ఇంటికి వచ్చాడు. బాబాయి కుర్చీ తెచ్చి వేశాడు, తప్పైపోయింది మామా అన్నాడు. పెద్దాయన కూర్చోలేదు. తలుపు వెనక నిలబడ్డ చెల్లెలి వైపు తిరిగాడు.

"రేపు నేను ఉదయగిరి పోవాల. ఎన్నింటికి వచ్చి నిలబడమంటావు అమ్మణ్ణీ?"

చెల్లెలు ఒకసారి వాళ్ల నాన్న మొహంలోకి చూసింది.

"ఏడింటికి తాతా. ఏడంటే ఏడే."