మా కుక్కకు వేసిన సూది

నేను ఈ సంగతి ఎత్తినప్పుడల్లా ఎదుటివాళ్ళు మాట మార్చారు. కుక్క గురించే కదా అని వాళ్ళ ఉద్దేశం. చెప్పి చెప్పి అలసిపోయి ఇప్పుడు రాస్తున్నాను.

అప్పట్లో మెదక్‌లో పిచ్చికుక్కల బెడద ఎక్కువైంది. మెడలో బిళ్ళ లేని కుక్క వీధిలో కనిపిస్తే చంపుతామని మునిసిపాలిటీ వాళ్ళు చాటింపు వేయించారు. పిచ్చి సోకకుండా సూది వేయించిన చీటీ తీసుకుని బిళ్ళ ఇచ్చేవారు. మా ఇంట్లో తల్లీకూతుళ్ళు రెండు కుక్కలు. ముందు తల్లిని పశువుల దవాఖానాకు తీసుకుపోయి సూది వేయించి, చీటీ మునిసిపాలిటీలో ఇచ్చేసి బిళ్ళ తెచ్చాను.

పది రోజులకు దాని వెనక కాళ్ళు పడిపోయాయి. గడప దాకా ఈడ్చుకుంటూ వచ్చి, దాటలేక నా వైపు చూసేది.

మళ్ళీ దవాఖానాకు వెళ్ళాను. తగువుకు కాదు. ఇది సూది వల్లనా, వేరే జబ్బా? సూది వల్లనైతే రెండోదానికి వేయించాలా, వద్దా? ఇంతే అడిగాను.

కాంపౌండరు రిజిస్టరు తిరగేశాడు. "ఆ దినం కుక్కకు సూది ఏసినట్టే లేదు సాబ్."

"నువ్వే గదా దాని మూతి పట్టుకున్నవ్!" అంటూ నేనే వెతికాను. నా పేరు మేకల ఖానాలో ఉంది.

"గరం కాకుండ్రి. ఎద్దు, బర్రె, గొర్రె, మేక, ఇవే ఖానాలున్నయి. కుక్కనేడ రాయాలె? చిన్న జానవరని మేకల రాసిన."

బర్రెను పట్టుకుని నిలబడ్డ ముసలామె అందుకుంది. "నీ మేక మొరుగుతదా సాబ్?"

కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన డాక్టరు కూడా నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. "కుక్కకి సూది వేసినట్టు కాగితమే లేనప్పుడు, సూది వల్ల ఏమైందో నేనెలా చెప్పనండీ?" అన్నాడు.

సంగారెడ్డిలోని జిల్లా ఆఫీసుకు మూడు అర్జీలు పెట్టాను. ఒక్కదానికే జవాబొచ్చింది: సదరు మేకను తిరిగి దవాఖానాలో చూపించవలెను.

అప్పటికే తల్లి చచ్చిపోయింది. కూతురికి సూది వేయించడానికి చేతులు రాలేదు. బిళ్ళ లేదు కనుక వీధిలోకి వదలలేదు. బతికిన తొమ్మిదేళ్ళూ పెరట్లో గొలుసుకే ఉంది. వీధిలో కుక్కలు మొరిగితే గొలుసు బిగిసేదాకా లాగి, కాసేపటికి పడుకునేది.

దాన్ని నేను కాపాడానా, ఊరికే కట్టేశానా? ఆ సూదితో కాళ్ళు పడిపోతాయా, పడిపోవా? తెలిసిన పశువైద్యులు ఎవరైనా సరే, నవ్వకుండా నాకు జవాబు చెప్పండి.