ముందు పలక, వెనక గొర్రు

నా భర్తతో నేను మొదటిసారి మనసు విప్పి మాట్లాడింది ఇంట్లో కాదు, ట్రాక్టర్ మీద. అదీ ఆయన ముఖం చూడకుండా.

అరవయ్యో దశకం మొదలైన రోజులు. తాండూరు దగ్గర మా అత్తగారిది రెండు గదుల నాపరాళ్ల ఇల్లు. అత్తమ్మ, ఇద్దరు బావలు, తోటికోడళ్లు, వాళ్ల పిల్లలు. ఒక గదిలో గుసగుసలాడితే ఇంకో గదిలో దగ్గు వినిపించేది. నేను కొత్త కోడలిని. ఆయన ముందు అన్నం గిన్నె పెట్టి, తల వంచుకుని తప్పుకోవడమే మా కాపురం.

పెళ్లికి ముందు ఆయన వికారాబాదు దగ్గర ఒక జామతోటలో పనిచేశాడు. తోట యజమాని పట్నం వెళ్లిపోతూ, చెట్ల వరుసల మధ్య తిరిగే చిన్న ట్రాక్టరును ఈయనకిచ్చి పోయాడు. కోడెదూడ కన్నా కాస్త పెద్దది, అంతే. ఊళ్లో అందరూ నవ్వారు. ఆయన మాత్రం దాన్ని రోజూ కడిగి తుడిచేవాడు.

ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చింది. రేగడి పైపైనే తడిసింది, పెళ్లలు పెళ్లలుగా ఉంది. చదును చేసి, తర్వాత కంది విత్తుదామంటే తడి ఆగేలా లేదు. రెండు పనులూ ఒక్క చాలులోనే చేయాలనుకున్నాడు ఆయన. కమ్మరితో వెనక విత్తనం వేసే గొర్రు కట్టించాడు. బరువంతా వెనక పడి ముందు చక్రాలు తేలిపోయాయి. ఎటు తిప్పినా బండి మాట వినలేదు. అప్పుడు ముందు వైపు పెళ్లలు చితక్కొట్టి చదును చేసే బరువైన ఇనుప పలక బిగించాడు. బండి బుద్ధిగా నేల మీద నిలబడింది.

ఇంకో చిక్కు వచ్చింది. ముందు పలకను చూస్తే వెనక గొర్రు గొట్టాల్లో మట్టి కూరుకుపోతుంది. వెనక్కి చూస్తే పలక నేలలో దిగబడుతుంది. వెనక కూర్చుని విత్తనం పోస్తూ, గొర్రును కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి.

"కదిలే పీట మీద కూసొని ఇత్తనం పోసుడేందిరా? నేను నా జన్మల చూడలె," అంది అత్తమ్మ. ఎద్దుల గొర్రు వెనక నడుస్తూ ఆమె ఎన్ని పొలాలు విత్తిందో ఊరందరికీ తెలుసు.

"నేను కూసుంట," అన్నాను తలుపు చాటు నుంచి. అందరూ నా వైపు తిరిగారు.

నాకది కొత్తగా తోచలేదు. పూడూరు వైపు మా పుట్టింట్లో గొర్రెల మంద ఉండేది. మందకు ముందు నాయన నడిచేవాడు, వెనక నేను. ముందు మనిషి దారి చూస్తాడు, వెనక మనిషి మందను చూస్తుంది.

వెనక చక్రాల మీది రేకుల మధ్య చెక్క పీట వేసి నన్ను వెనక్కి తిప్పి కూర్చోబెట్టాడు. నా వీపుకు ఆయన వీపు జానెడు దూరం. ఒడిలో కందులు. బండి కదిలింది. ఎటు పోతున్నామో నాకు కనపడదు. వచ్చిన దారే కాళ్ల కింద నుంచి నల్లగా, తడిగా పుట్టుకొచ్చి దూరంగా జరిగిపోయేది. గట్టు మీది తోటికోడళ్లు చిన్నగా అయ్యేవాళ్లు. మబ్బు నీడ ఒకటి మా చాళ్ల మీదుగా మెల్లగా దాటిపోయేది. నేను విత్తనం పోస్తున్నానో, నిద్రలో ఉన్నానో తెలిసేది కాదు.

"గొర్రు లేపు!" అని ఆయన అరిస్తే మెలకువ వచ్చేది. మలుపు దగ్గర చెరో పిడి లాగి ఆయన పలక లేపాలి, నేను గొర్రు లేపాలి. ఒకరు మరిచినా ఇనుము వంగుతుంది.

ఆ చప్పుడులో అరిస్తే తప్ప మాట వినపడదు. ఎంత అరిచినా గట్టు మీదికి చేరదు. ఆ సంగతి ముందు ఆయనకే తట్టింది.

"తల్లిగారింటి మీదికి పానం పోతున్నదా?" అని అరిచాడు.

"పోతున్నది!"

"ఏడ్చినవా?"

"మొదట్ల ఏడ్చిన. ఇప్పుడు లేదు!"

అలా మొదలైంది. చిన్నప్పటి సంగతులు, జామతోటలో చిలకలు, తప్పిపోయిన మా గొర్రెపిల్ల, అన్నీ అరుచుకున్నాం. ఇంట్లో పెదవి విప్పని నేను అక్కడ గొంతెత్తి నవ్వాను.

మూడో రోజు ఆయన అడిగాడు, "మా ఇంట్ల నీకు ఏం నచ్చింది?" జవాబు కోసం కాబోలు, వెనక్కి తిరిగి చూశాడు. ముందు పలక మట్టి దిబ్బలో దిగబడింది.

"నువ్వే! ఇంకేమున్నది నచ్చనీకె!" అని నేను అరవడం, ఇంజిన్ ఆగిపోవడం ఒక్కసారే జరిగాయి.

నా మాట నిశ్శబ్దంలో పొలమంతా పరుచుకుంది. తోటికోడళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆయన దిగి, ఏమీ పాడుకాని ఇంజిన్‌లోకి తల దూర్చాడు. నేను కందుల్లోకి చూస్తూ కూర్చున్నాను.

అత్తమ్మ గట్టు దిగి మెల్లగా నడిచి వచ్చింది. "మంచిగనే ఉన్నది పిల్లా. మరి దినాం రెండుసార్లు పోయించుకుంటవు గదా, నా పచ్చిపులుసు సంగతేంది?"

నాకు నవ్వు ఆగలేదు. ఆమె కూడా నవ్వింది. ఆ ఇంట్లో నా భయం ఆ రోజుతో పోయింది.

కంది బాగానే మొలిచింది. మరుసటేడు విత్తనాల వేళకు నేను నెలలు నిండి ఉన్నాను. "ఎవరు కూసుంటరు మరి?" అని ఆయన అడిగితే, అత్తమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి బండెక్కింది.

నేను గట్టు మీద కూర్చుని చూశాను. తల్లీ కొడుకులు ఒకరికొకరు వీపు చేసి, పొలం ఆ కొసకు పోయి ఈ కొసకు వచ్చారు. నాలుగు చాళ్లు తిరిగాక ఆమె పెదవులు కదిలాయి. ఆయన తల ఊపాడు. మామ నా పెళ్లికి ముందే పోయాడు, అప్పటి నుంచి వాళ్లిద్దరూ పని మాట తప్ప మరో మాట మాట్లాడుకోలేదని తోటికోడళ్లు చెప్పేవాళ్లు. ఆమె చాలాసేపు ఏదో చెబుతూనే ఉంది. ఒకచోట కొంగుతో కళ్లు తుడుచుకుంది, మరోచోట విరగబడి నవ్వింది. విత్తనం పోసే చెయ్యి మాత్రం ఒక్కసారీ ఆగలేదు. నాకు ఇంజిన్ చప్పుడొక్కటే వినిపించింది.

సాయంత్రం దిగేసరికి అత్తమ్మ గొంతు పూర్తిగా పోయింది. సైగ చేసి నీళ్లడిగింది. నేను లేవబోతే, ఆయనే చెంబు తెచ్చి ఆమె దోసిట్లో పోస్తూ నిలబడ్డాడు.