పొట్టేలు కొమ్ముల సైకిలు

"ఆ సీసాలో ఏముండాదో చెప్పి కదులు."

"నిమ్మకాయ, ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు మా. ఎన్నిసార్లు చెప్పల్ల?"

"నీళ్లు తెల్లగా ఎందుకుండాయి? మూత తీ, వాసన చూస్తా."

"దినామూ పొద్దున్నే నా నోరు వాసన చూస్తాండావు. పిల్లల ముందర ఆ అని తెరుస్తాండా. ఇంగ సీసా గూడానా?"

"నోరు తెరిచే గతి ఎవురు తెచ్చుకున్నార్రా? నేనా?"

సహోదరీ సహోదరులారా, ఇది మా వాకిట్లో నాకూ నా కొడుకు యోహానుకూ జరిగిన గొడవ. ఇవన్నీ సంఘంలో చెప్పాలా అని మా కోడలు అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పకపోతే అది సాక్ష్యమెట్లా అవుతుంది?

చిన్నప్పుడు యోహానుకు సైకిలంటే ప్రాణం, ధర్మవరం దాకా తొక్కుకుంటూ వెళ్లి అన్నం వేళకు తిరిగొచ్చేవాడు, అట్లాంటివాడు వేరుశనగ మిల్లులో పనికి కుదిరాక తాగుడు మరిగి, చివరికి ఆ సైకిలు కూడా అమ్మి తాగేశాడు. ఒకరోజు రక్తం కక్కుకుని పడిపోతే ఆసుపత్రికి మోసుకెళ్లాం. మంచం పక్కన మోకరించి నేను చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, వీణ్ణి బాగుచేసి ఇస్తే తీసుకుంటాను. తాగుబోతుగానే ఇచ్చేటట్టయితే నాకొద్దు, నీ దగ్గరే ఉంచుకో." కన్నతల్లి చేసే ప్రార్థన కాదని మీరంటారు, అనుకోండి. దేవుడు విన్నాడు. ఆ మంచం దిగినవాడు మళ్లీ చుక్క ముట్టలేదు. ఆయనకే మహిమ.

అయితే నాకు నమ్మకం కుదరలేదు. ఒంటికి కసరత్తు కావాలని డాక్టరు అన్నాడని వాడు బెంగళూరు నుంచి కొత్త సైకిలు తెచ్చాడు. పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, వేలంత సన్నని టైర్లు. క్యారియరు లేదు, స్టాండు లేదు, బెల్లు కూడా లేదు, బియ్యం మూట పెట్టుకోవడానికి పనికిరాని సైకిలుకు దుడ్లు పోస్తారా ఎవరైనా? రోజూ తెల్లారకముందే దాని మీద హైవే వైపు పోయేవాడు, చెమటతో, ఎర్రటి కళ్లతో పాడుకుంటూ వచ్చేవాడు. తాగే రోజుల్లోనూ పాడుకుంటూనే వచ్చేవాడు గదా. వాడు సంతోషంగా కనబడితే చాలు, నా ముక్కుకు బ్రాందీ వాసన కొట్టేది.

గొడవైన రోజు మిల్లుకు సెలవు. వాడు సీసాలో ఉన్నదంతా మట్టిలో ఒంపేసి, అన్నం కూడా తినకుండా సైకిలెక్కి పోయాడు. కాసేపటికి ఆ తడి చుట్టూ చీమలు పట్టాయి. చక్కెరే అయ్యుంటుంది అనుకున్నాను, మళ్లీ బ్రాందీకి కూడా చీమలు వస్తాయేమో, ఎవరు చూశారు అనుకున్నాను. రాప్తాడు దాకా ఆ దారి పొడుగునా బ్రాందీ షాపులే. కోపం మీద పోయిన మనిషి ఎక్కడ ఆగుతాడో నాకు తెలుసు.

పొద్దు గుంకే వేళకు కనబడ్డాడు. సైకిలు భుజాన వేసుకుని, అడుగు తడబడుతూ వస్తున్నాడు. పక్కింటి ఓబులమ్మ గోడ మీదుగా చూసి, "మళ్లా మొదలైందక్కో," అంది. "తండ్రీ, నువ్వు బాగుచేసి ఇచ్చినవాణ్ణి నేనే తోసేశాను, నువ్వు మాత్రం వదలొద్దు," అని గేటు పట్టుకుని ప్రార్థించాను.

వాడు సైకిలు దించి చక్రం చూపించాడు. "కంప ముల్లు దిగింది మా. ఆ షాపులన్నీ దాటుకుని నడిచొచ్చినా. నాలుక పిడచ కట్టుకపోయింది, నీళ్లియ్యి."

నోరు చూపించమనే మాట నా పెదవుల దాకా వచ్చింది. అడగలేదు. అడగనివ్వనిది దేవుడే, నా గుణం నాకు తెలియదా. చెంబుతో నీళ్లిచ్చాను. తాగి గడప మీద కూర్చుని, వాడంతట వాడే చెప్పాడు.

"సైకిలు మీద దిగువకు పోతాంటే గాలి చెవుల్లో హోరుమంటాది మా. ధర్మవరం పోయే పిల్లోన్నే అయిపోతా. తాగినపుడు గూడా ఇంత బాగుండ్లేదు."

ప్రియులారా, నా అనుమానం వేర్లతో సహా పోయిందని దేవుని సన్నిధిలో అబద్ధం చెప్పను. మీ ఇంట్లో తాగుడు నుంచి విడుదల పొందినవాళ్లు ఉంటే వాళ్లను ఆయన చేతిలో పెట్టండి, పెట్టినాక మీ చెయ్యి తీసేయండి. తీయడమే కష్టం. దానికి కూడా ఆయన్నే అడగండి, ఇస్తాడు.

మరుసటి రోజు పొద్దున యోహాను ట్యూబుకు అతుకు వేసుకుని హైవే వైపు వెళ్లాడు. నేను పొయ్యి దగ్గరే ఉన్నాను, వాకిట్లోకి పోలేదు. ఎండెక్కకముందే వచ్చి, సంకటి తిని, మిల్లుకు పోయాడు.