సున్నా మడిలో రెండు దోసిళ్ళు

1998 అక్టోబరు పదో తేదీ, శనివారం, పొద్దున్న పదకొండు గంటల అయిదు నిమిషాలు. అట్లతద్ది వెళ్ళి రెండు రోజులయింది. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ తేదీ, ఆ గంట నా చేత్తో నేనే రాసి పెట్టాను. రాయమన్నది యూనివర్సిటీ మాస్టారు. రాయాల్సి వచ్చింది మాత్రం నేను చేసిన వెధవ పని వల్ల.

నాకు అక్షరాలు యాభై రెండో ఏట వచ్చాయి. అప్పట్లో సాయంత్రాలు ఊళ్ళో పెద్దవాళ్ళకి చదువు చెప్పేవారు. పలక పట్టుకుని వెళుతుంటే నవ్వినవాళ్ళున్నారు. నవ్వుకోనీ అనుకున్నాను. ఆరు నెలలకి బస్సు బోర్డు చదివాను. ఏడాదికి ఎరువుల బస్తా మీద ఉన్నదంతా చదివాను. మా ఆయన పోయాక మూడెకరాల సేద్యం నేనే చూసుకునేదాన్ని. సామర్లకోటకి ఆరేడు మైళ్ళ దూరంలో మా ఊరు, కాలవ కింద పొలం. వానాకాలం సార్వా, ఎండాకాలం దాళ్వా, ఏటా రెండు వరి పంటలు.

ఆ ఏడు సార్వాకి ఒక అమ్మాయి మా ఇంటికొచ్చింది. కోనసీమ పిల్ల, తండ్రి బడిపంతులు. వరికి ఎంత యూరియా వేస్తే ఎంత పండుతుందో తేల్చి డాక్టరేటుకి పుస్తకం రాస్తోందట. రెండేళ్ళ కిందట ఇదే పని మొదలుపెడితే తుఫాను పంటంతా ఊడ్చుకుపోయిందట. ఇది రెండోసారి. ఈ పంట లెక్కలతో పుస్తకం పూర్తిచేసి ఉగాదికల్లా ఇచ్చెయ్యాలి.

"మీ చేలో ఓ మూల ఎనిమిది సెంట్లు ఇస్తారా మామ్మగారూ?" అని అడిగింది. చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నడిచొచ్చింది కాబట్టి ఇచ్చాను. చెప్పులతో వచ్చుంటే ఏమనేదాన్నో.

ఆ మూల పన్నెండు చిన్న మళ్ళు కట్టించింది. కొన్నిటికి ఎక్కువ యూరియా, కొన్నిటికి తక్కువ, మూడిటికి అసలు లేదు. ఆ మూడిటినీ సున్నా మళ్ళు అనేది. మడి మడికీ కర్ర పాతి రేకు ముక్క మీద నంబరు రాసింది. "ఈ మూడిట్లో మాత్రం ఏమీ వేయకండి మామ్మగారూ" అంది. ఎందుకని నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

తను పదిహేను రోజులకోసారి కాకినాడ నుంచి బస్సులో వచ్చి, మోకాళ్ళ లోతు బురదలో దిగి పిలకలు లెక్కపెట్టుకుని వెళ్ళేది. మధ్య రోజుల్లో ఏ మడికి నీళ్ళు పెట్టానో, ఏం చేశానో రాయమని నాకొక గీతల పుస్తకం ఇచ్చింది. అంతవరకూ నా రాత ఎవరికీ పనికొచ్చింది లేదు. రోజూ చేలోంచి రాగానే కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, పొద్దుటి కాఫీ కూడా తాగకుండా రాసేదాన్ని. ఏ పనీ లేని రోజు 'ఏమీ వేయలేదు' అని రాసేదాన్ని. అదీ రాయాలంది ఆ పిల్ల.

శ్రావణం వెళ్ళేసరికి సున్నా మళ్ళు పాలిపోయాయి. రెండు లోపలెక్కడో ఉన్నాయి, పరవాలేదు. మూడోది బళ్ళు తిరిగే పుంత పక్కనే. వచ్చేపోయేవాళ్ళందరి కళ్ళూ దాని మీదే. మా పక్క చేనతను నాకు మరిది వరస. అతని నోటికి మూత లేదు.

"ఏంటండి వదినగారూ, మీ మడికి పచ్చకామెర్లొచ్చినట్టున్నాయి? పసరు పోయించకపోయారా?"

"ముందు నీ నోట్లో పోయిస్తాను, ఆగు."

"నాకెందుకండి, నా చేను నల్లగా ఉంది కదా. మీ సేద్యం చూసి నలుగురూ నవ్వుతున్నారని చెప్పాను, అంతే."

పైరు బాగా పచ్చగా ఉంటే మావైపు నల్లగా ఉందంటారు. నలభై ఏళ్ళ సేద్యంలో నా చేను నల్లగా లేదన్నవాడు లేడు. పెరట్లో యూరియా బస్తా పెట్టుకుని, కళ్ళ ముందు పైరు ఆకలికి మాడుతుంటే చూస్తూ కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు. వినాయక చవితి మర్నాడు మిగతా చేనంతా యూరియా చల్లుతూ చల్లుతూ ఆ మడి దగ్గరకొచ్చాను. అటూ ఇటూ చూశాను. రెండు దోసిళ్ళు విసిరేశాను.

ఇంటికొచ్చి పుస్తకం తీసి, 'మూడో సున్నా మడి, ఏమీ వేయలేదు' అని రాశాను. నోటితో ఆడిన అబద్ధాలు నాకు బోలెడున్నాయి. చేత్తో రాసింది అదే మొదటిది. ఆ రోజు అక్షరాలు కూడా ముత్యాల్లా కుదిరాయి, ఖర్మ.

పది రోజులకి ఆ మడి పుంజుకుంది. అమ్మాయి వచ్చి చూసి గట్టు మీదే కూలబడింది. నా పుస్తకం తెరిచింది. ఏమీ వేయలేదని ఉంది. నన్ననుమానించలేదు. పక్క మడి నీళ్ళు ఇందులోకి వస్తున్నాయేమోనని, ఎండ్రకాయలు గట్టుకి బొరియలు పెట్టి ఉంటాయని, ఆ మిట్ట మధ్యాహ్నం గట్టు చుట్టూ పాకుతూ బొరియలన్నీ పూడ్చింది. బురద ముద్దలు అందించింది నేనే. "ఎండ్రకాయలు పాపిష్టివమ్మా" అని కూడా అన్నాను.

ఆ తరవాత వచ్చినప్పుడల్లా ఆ పిల్ల ముఖం చిన్నబోయి ఉండేది. రాత్రి హాస్టల్లో లెక్కలు ఎలా వేసినా మూడు సున్నా మళ్ళూ కలవడం లేదట. "మొదట్లో యూరియా సంచులు కలిపేశానేమో మామ్మగారూ, నాకే మతిలేదు" అంది ఒకసారి. అయినా చెప్పలేదు. సిగ్గు. తప్పు చేసిన సిగ్గు కన్నా, నా రాత అబద్ధమని తెలిస్తే ఆ పిల్ల నా గీతల పుస్తకం వెనక్కి తీసుకుంటుందన్న భయం పెద్దది.

ఇక ఆ శనివారం. అమ్మాయికి దారి చూపించే మాస్టారు, కొత్తగా పరిశోధనలో చేరిన నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని మా చేలోకి వచ్చారు. పరిశోధన చేసేవాళ్ళు ఎలా నడుచుకోవాలో చెప్పే పాఠమట. ఫ్యాను కింద చెబితే నిద్రపోతారని చేలో పెట్టారు. మా పశువులపాక నీడలో గోనెలు పరిచాను. ఒకమ్మాయి చెప్పు బురదలో కూరుకుపోతే మరిదే దిగి తీసిచ్చాడు. తీసిచ్చి వెళ్ళిపోకుండా అక్కడే తిష్ఠ వేశాడు.

మాస్టారు సున్నా మళ్ళు చూపించి అడిగారు. "ఇందులో ఒకటి తేడాగా ఉంది. కారణం తెలియదు. మీరైతే ఏం రాస్తారు?"

కళ్ళజోడు అబ్బాయి ఒకడు తడుముకోకుండా అన్నాడు. "మిగతా రెండిటికీ సగటు కట్టి దీనికీ అదే వేసేస్తే సరిపోతుందండి. ఎవరికి తెలుస్తుందండి?"

"అసలు ఆ మడే లేదనుకుంటే పోదా అండి?" అంది చెప్పు పోయిన అమ్మాయి.

"నచ్చని మడినల్లా లేదనుకుంటూ పోతే నీకు నచ్చిందే పండుతుందమ్మా. తీసేస్తే ఎందుకు తీసేశావో చెప్పాలి."

అప్పుడు మా కోనసీమ అమ్మాయి లేచింది. "నా తప్పేనండి. సంచులు కలిపేశాను. అలాగే రాసేస్తానండి."

"కలపడం చూశావా?"

"చూడలేదండి. మరి ఇంకే కారణం లేదు కదండి."

"చూడనిది రాయకు. నీ మీదైనా సరే." అని, అమ్మాయి పొద్దున్న ఇచ్చిన నా గీతల పుస్తకాన్ని మాస్టారు తన సంచిలోంచి తీసి పైకెత్తారు. "ఎవరికి తెలుస్తుంది అన్నావుగా నువ్వు. ఇదిగో, యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నావిడ. ఒక్క రోజు మానలేదు. ఏమీ చేయని రోజు ఏమీ చేయలేదని రాసింది. పుస్తకమంటే ఇలా ఉండాలి."

నా చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంది. పళ్ళెం కింద పెట్టేశాను.

"ఆపండి మాస్టారూ. అందులో ఒక అబద్ధం ఉంది."

ఆయన కోప్పడలేదు. "ఏ పేజీ అండి మామ్మగారూ?" అని మాత్రం అడిగారు.

"వినాయక చవితి మర్నాటిది. ఆ మడిలో యూరియా నేనే వేశాను. సంచులూ కలవలేదు, ఎండ్రకాయల తప్పూ లేదు."

అందరికన్నా ముందు మరిది నవ్వాడు. "అదా సంగతి! నేను కామెర్లన్నానని వైద్యం చేసేశారన్నమాట!"

అమ్మాయి గట్టెంట నడిచి వెళ్ళి ఆ మడి ముందు నిలబడింది. నేను అటు చూడలేక కాఫీ గ్లాసులు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి తిరిగొచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది.

"ఎన్ని దోసిళ్ళు మామ్మగారూ?"

"రెండు."

"మీ దోసిలేనా? నిండుగానా, వెలితిగానా?"

ఇంట్లోంచి యూరియా తెప్పించింది. గింజలు తూచే చిన్న కాటా వాళ్ళ దగ్గర ఉంది. నా చేత మూడుసార్లు రెండేసి దోసిళ్ళు తీయించి తూచింది. మూడుసార్లూ ఇంచుమించు ఒకే తూకం వచ్చింది. "యంత్రం కూడా ఇంత సరిగ్గా తీయదండి" అన్నారు మాస్టారు. తప్పు చేసిన చేతికి మెప్పు వచ్చింది, నేనేం చేయను.

"ఆ పేజీ చింపేద్దామా మాస్టారూ?" అన్నాను.

"చింపొద్దు, చెరపొద్దు. ఒక్క గీత కొట్టండి. కింద ఉన్నది కనబడుతూనే ఉండాలి. పక్కన నిజం రాసి, ఇవాళ్టి తేదీ, ఇప్పుడెన్ని గంటలయిందో వేసి సంతకం పెట్టండి." పిల్లల వైపు తిరిగి, "మీరూ ఇంతే" అన్నారు. కళ్ళజోడు అబ్బాయి తన వాచీ చూసి పదకొండూ అయిదు అన్నాడు. నేను గీత కొట్టాను. వంకరగా వచ్చింది.

అమ్మాయి అప్పుడు చెప్పింది. "ఏమీ వేయకపోతే నేల తనంతట తాను ఎంతిస్తుందో చూడడానికండి సున్నా మడి. అది తెలియకపోతే మిగతా తొమ్మిది మళ్ళకీ అర్థం లేదు. మీకిది మొదటి రోజే చెప్పాల్సింది. చేను తీసుకున్నాను గానీ సంగతి చెప్పలేదు. అది నా తప్పే కదండి."

"చెప్పినా వేసేదాన్నేమోనే. వీడు కామెర్లన్నాడుగా."

అందరూ నవ్వారు. తనూ నవ్వింది. నెల రోజుల తరవాత ఆ పిల్ల పళ్ళు అప్పుడే చూశాను. కాఫీ చల్లారిపోతే మళ్ళీ వేడి చేసి ఇచ్చాను.

నష్టం జరగలేదని చెప్పను. రెండు సున్నా మళ్ళతో లెక్క నిలబడదన్నారు. ఉగాదికి ఇవ్వాల్సిన పుస్తకం ఆగిపోయింది. దాళ్వాలో అదే మూల మళ్ళీ పన్నెండు మళ్ళు వేసింది. ఈసారి సున్నా మడి దగ్గర అది ఎందుకో నేనే అట్టముక్క మీద రాసి కట్టాను. మరిది వచ్చి కామెర్లన్నప్పుడల్లా చదివి వినిపించేదాన్ని. చివరికి విసుగొచ్చి మానేశాడు. వేసవి వెళ్ళే వేళకి పంట తూచింది, వానల్లో పుస్తకం ఇచ్చింది, డాక్టరు అయింది. నాకొక ప్రతి తెచ్చిచ్చింది. అంతా ఇంగ్లీషు, ఒక్క ముక్క తెలియదు. చివర్లో మాత్రం నా పేజీ జిరాక్సు ఉంది, గీతతో సహా. పాడైన పంట సంగతి కూడా అందులో దాచకుండా రాసిందట.

ఆ తరవాత ఏటా మాస్టారు కొత్త పిల్లలకి ఈ పాఠం చెప్పేటప్పుడు నన్ను కబురు పెట్టి పిలిపించేవారు. హాల్లో కుర్చీ వేసేవారు. ఆ పేజీ చేతులు మారుతుంటే నేను కూర్చుని చూసేదాన్ని. మొదటేడు సిగ్గేసింది. తరవాత్తరవాత వెళ్ళాలనిపించేది. ఏదైనా అడగండంటే, చేను ఇచ్చినవాళ్ళకి ఎందుకో చెప్పారా అని అడిగేదాన్ని. సగంమంది తల దించుకునేవారు.

గీతల పుస్తకం అసలుది నా దగ్గరే ఉంది. ఆ అమ్మాయి వెనక్కి తీసుకోలేదు, దాళ్వాకి కూడా దాన్లోనే రాయించింది. ఆ రోజు అక్కడున్న అందరి చేతా సాక్షి సంతకాలు పెట్టించారు మాస్టారు. పేర్లు ఎందుకు గానీ, వరసగా చెబుతాను. మొదట నాది. తరవాత మాస్టారిది. దాని కింద మా అమ్మాయిది, సంతకం ముందు 'చూశాను' అని రాసి పెట్టింది. కళ్ళజోడు అబ్బాయిది, వాచీ చూసింది తనే కాబట్టి పక్కన గంట కూడా వేశాడు. చెప్పు పోయిన అమ్మాయిది. ఆ రోజంతా నోరు విప్పకుండా అన్నీ రాసుకున్న తుని పిల్లాడిది. కాటా పట్టుకున్న పొడుగాటి అబ్బాయిది. అందరికన్నా కింద మా మరిది వేలిముద్ర. అంతసేపు నవ్వినవాడు పెన్ను ఇచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సిరా అద్దింది నేనే.