చేతికి తెలిసే బరువు

కోరుట్ల టైపు ఇన్‌స్టిట్యూట్‌లో సారు నాకు పెట్టిన పేరు సాంచ చెయ్యి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. డిగ్రీ అయ్యాక పెళ్లయ్యేదాకా నాలుగేళ్లు నేను మా నాన్న, అంటే బాపు, పనిచేసే సాంచాల కార్ఖానాలోనే నూలు కండెలు చుట్టాను. ఆ చేత్తో కీబోర్డు మీద కొడితే బల్ల కదిలేది. పక్కన కూర్చున్న ఆడపిల్లలు నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. నాకు కోపం త్వరగా వస్తుంది కానీ అక్కడ కోపం చూపించే వీలు లేదు, నిమిషానికి ముప్పై నాలుగు మాటల దగ్గర ఆగిపోయినదాన్ని.

కావలసింది నలభై. జగిత్యాలలో ఒక ఆఫీసు టైపిస్టు పోస్టుకు పరీక్ష పెడుతోంది. నా వయసుకు అదే ఆఖరి అవకాశం. రాకపోతే మళ్లీ సిరిసిల్ల కార్ఖానాకే. మా ఆయన మేస్త్రీ పని కూడా అటే దొరుకుతోందని అప్పటికే అక్కడ కిరాయి ఇల్లు చూస్తున్నాడు. ఎవరి కీబోర్డు వాళ్లు తెచ్చుకోవచ్చని హాల్ టికెట్ మీద రాసి ఉంది. ఆ ఒక్క వాక్యం పట్టుకుని సారు నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"నీ బటన్లు గట్టిగున్నయమ్మా, అందుకే వేళ్లు అలిసిపోతున్నయ్. తేలికయి కొనుక్కో. నలభై అయిదు గ్రాములు అని డబ్బా మీదనే రాసి ఉంటది. మీద వేలు పెట్టి గంత బరువేస్తే చాలు, అక్షరం పడ్తది. టిక్కుమంటది. టిక్కుమనంగనే వదిలెయ్యాలె, అడుగు దాకా గుద్దద్దు."

కొన్నాను. మొదటి రోజే ఇన్‌స్టిట్యూట్‌కు తీసుకెళ్లాను. సారు ఒక మీట నొక్కి, "సూసినవా, ఎంత మంచిగ టిక్కుమంటుందో," అన్నాడు. పక్క పిల్ల కూడా నొక్కి చూసి, ఈ చప్పుడుకు ఇంట్లో తిడతారేమో అంది. నేను నొక్కాను. మళ్లీ నొక్కాను.

నాకేమీ వినిపించలేదు.

చెవుల్లో ఎప్పుడూ ఉండే సన్నని కూత తప్ప ఇంకేమీ లేదు. ఆ కూత అందరికీ ఉంటుందనే అనుకునేదాన్ని. సారు ముఖం వైపు చూస్తూ, "అవును సార్, మంచిగుంది," అన్నాను. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, ఎన్నాళ్లుగా ఇలాగే ఆడుతున్నానో అప్పుడు అర్థమైంది. బస్సులో కండక్టరు అడిగింది వినపడక ఊరికే తలూపడం, అత్తమ్మ వంటింట్లోంచి పిలిస్తే పలకక పొగరుబోతు అనిపించుకోవడం, సినిమాలో పక్కవాళ్లు నవ్వాక నవ్వడం.

సాంచాల మధ్య ఎవరికి వినబడుతుందో ఎవరికి వినబడదో తెలియదు. అక్కడ అందరూ అరుస్తారు, అందరూ పెదాలే చూస్తారు, పోగు తెగితే వేళ్లు మెలితిప్పి చూపిస్తారు. చెవుడు దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. నా చెవులు పోతున్నాయని తెలియడానికి నేను పెళ్లయి కోరుట్ల దాకా వచ్చి నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చోవలసి వచ్చింది.

ఆ రోజు నుంచి భయం పట్టుకుంది. చిన్న భయం కాదు. చెవిటిదాన్ని టైపిస్టుగా ఎవరు తీసుకుంటారు? తీసుకోకపోతే మళ్లీ కార్ఖానా, మళ్లీ ఆ మోత, ఉన్న కాస్తా పోతుంది. దరఖాస్తులో వినికిడి లోపం ఉందా అన్న చోట లేదు అని నేనే రాశాను. రాసినప్పుడు తెలియక రాశాను. ఇప్పుడు తెలిసి ఊరుకుంటున్నాను. రోజూ చెవి పక్కన చిటికె వేసుకుని చూసుకునేదాన్ని. నిన్నటికన్నా తగ్గిందా అని. తగ్గినట్టే ఉండేది.

తేలిక మీటలతో వేగం పెరగలేదు సరికదా, తప్పులు రెట్టింపయ్యాయి. టిక్కు వినబడదు కాబట్టి పడిందో లేదో తెలియదు. తెలియక ఇంకా గట్టిగా గుద్దుతాను, ఒక్క అక్షరం రెండుసార్లు పడుతుంది. భయంతో వేలు వణికితే ఆ వణుకు కూడా అక్షరాలై తెర మీద పడేది. అంత తేలికవి అవి.

ఆదివారం కీబోర్డు సంచిలో పెట్టుకుని సిరిసిల్ల పోయాను. బాపుకు వినబడదని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట అనరు. అరిచి మాట్లాడతాం, అంతే. ఆయన కీబోర్డును అటూ ఇటూ తిప్పి చూసి, మంచం మీద పెట్టి, "కొట్టు," అన్నాడు. నేను కొడుతుంటే పక్కన అరచెయ్యి ఆనించాడు. సాంచ సరిగ్గా నడుస్తుందో లేదో చెక్క మీద చెయ్యి ఆనించి చెప్పే మనిషి ఆయన. కాసేపటికి చెయ్యి తీసేశాడు.

"ఇది చేతికి చెప్తలేదు బిడ్డా. చెవులున్నోళ్లకు పనికొస్తది." అని నా ముఖంలోకి చూశాడు. "నీకు గూడనా?"

తలూపాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

"ఎప్పటిసంది?"

"తెల్వదు బాపూ."

ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాననుకుని, వీధంతా వినబడేలా అన్నాడు. "ఎవ్వలకు చెప్పకు. నేను ఇర్వై ఏండ్లు చెప్పలె. చెప్తె సాంచాల మీదికెల్లి దించుతరు. చేతికి చెప్పేది ఒకటి కొనుక్కో, దానితోనే ఎల్లదీస్కో."

జగిత్యాలలో కంప్యూటర్ల దుకాణంలో అరగంట నిలబడి ఒక్కొక్క మీట నొక్కి చూశాను. అరవై ఏడు గ్రాములది ఒకటి దొరికింది. సగం దిగాక వేలికి చిన్న గట్టు తగులుతుంది, అది దాటితే అక్షరం పడినట్టే. వేలు ఆనించి ఉంచినా పడదు, వణికినా పడదు. దుకాణంలో అబ్బాయి, "అక్కా, ఇది బరువు, స్పీడు తగ్గుతది," అన్నాడు. నిజమే. మొదటి వారం ఇరవై ఎనిమిదికి పడిపోయాను. చిటికెన వేళ్లు రాత్రికి వాచేవి. సారు తల కొట్టుకున్నాడు. "తేలికది ఉంచుకోని గీ బండదేందమ్మా?" నేను నవ్వి ఊరుకున్నాను. మూడో వారంలో ముప్పై ఆరు. గట్టు తగలగానే వదిలేయడం వేళ్లకు వచ్చేసింది, గుద్దడం పోయింది. ఐదో వారంలో నలభై రెండు. సారు సాంచ చెయ్యి అనడం మానేశాడు.

భయం మాత్రం అలాగే ఉంది. పరీక్ష రోజు కావాలని వెనక వరుసలో కూర్చున్నాను. మొదలుపెట్టమన్నది నాకు వినబడలేదు. ముందు వరుస భుజాలు కదిలాయి, నేనూ మొదలుపెట్టాను. చేతులు చలిజ్వరం వచ్చినట్టు వణికాయి. తెర మీద మాత్రం వణుకు లేదు. గట్టు, అక్షరం, గట్టు, అక్షరం. పది నిమిషాలు ఇంకేదీ లేదు.

ఉన్నట్టుండి అక్షరాలు పడటం ఆగిపోయింది. కీబోర్డు పాడైందనుకున్నాను. వైరు లాగి పెట్టాను, మళ్లీ కొట్టాను, రెండు చేతులతో పాత అలవాటున గుద్దాను. భుజం మీద చెయ్యి పడింది. తల తిప్పితే పర్యవేక్షణకు వచ్చిన మేడం. హాలంతా నన్నే చూస్తోంది. అందరి చేతులూ ఒళ్లో ఉన్నాయి.

"టైమైపోయిందని ఎన్నిసార్లు చెప్పాలె? ఇనవడ్తలేదా?"

దానికి నా దగ్గర సిద్ధం చేసుకున్న జవాబులు నాలుగున్నాయి. ధ్యాసలో పడ్డాను మేడం. జలుబు చేసింది మేడం. ఆమె పెదాలే చూస్తూ నోరు తెరిచాను. ఆ నాలుగింటిలో ఒక్కటీ రాలేదు.

"లేదు మేడం. నాకు ఇనవడది."

ఆమె నా తెర మీది అంకె, చేతిలో ఉన్న నా దరఖాస్తు చూసింది. తర్వాత వంగి, నా ముఖానికి ఎదురుగా వచ్చి, నెమ్మదిగా అంది. "నలభై మూడు వచ్చింది. పాసైనవ్. కానీ ఫారంల ఇనికిడి లోపం లేదని రాసినవ్. ఇనికిడి పరీక్షకు పంపుతరు. అక్కడ నిజం చెప్పు."

బయటికి వచ్చి బాపుకు చెప్పాలని ఫోను తీశాను. ఆయనకు నా మాట వినబడదు. ఆయన ఏమన్నా నాకు సరిగ్గా వినబడదు. ఫోను సంచిలో వేసుకుని సిరిసిల్ల బస్సెక్కాను.

పాసయ్యానని చెప్తే బాపు చేతులు జోడించి పైకి చూశాడు. చెవుల సంగతి కూడా చెప్పేశానంటే ఆ చేతులు దిగిపోయాయి.

"మరి ఇస్తరా ఉద్యోగం?"

"తెల్వదు. చెవుల డాక్టరు దగ్గరికి పొమ్మన్నరు. సోమవారం పోతున్న."

ఆయన అరచేతులు మంచం పట్టె మీద ఆనించి తల దించుకున్నాడు. నాకు మళ్లీ భయమేసింది, తిడతాడేమోనని. చివరికి తలెత్తి, ఈసారి నిజంగానే చిన్న గొంతుతో ఏదో అన్నాడు. నాకు వినబడలేదు. పెదాలు చూసి తెలుసుకున్నాను.

"నన్ను గూడ తోల్కపో బిడ్డా."