నాలుగో గడి

బస్సుల ఆఫీసు మూడో అంతస్తులో మెట్ల పక్క కుర్చీ ఆమెది. ఇరవై రెండేళ్ళుగా అదే చోటు. మొదట్లో కండక్టర్లు తెచ్చిన చీటీలు చూసి రిజిస్టర్లు నింపేది. నలభై దాటాక కంప్యూటర్లో నోట్‌బుక్ నేర్చుకుంది.

ఈ నోట్‌బుక్‌లో కాగితాలుండవు. తెర మీద ఒకదాని కింద ఒకటిగా గళ్ళు, ఒక్కో గడిలో ఒక లెక్క. కింది గడి పై గడిని నమ్ముకుని నిలబడుతుంది. ఆమె నోట్‌బుక్‌లో రెండొందల పది గళ్ళు. వందో గడికి వచ్చేసరికి పైన ఏం ఒప్పుకుని బయల్దేరామో గుర్తుండదు. ఒకసారి అలాగే మరిచిపోయి తప్పు లెక్క ఇచ్చింది. అప్పట్నుంచి నాలుగో గడిని పిన్ చేసి పెట్టుకుంది. ఎంత కిందికి దిగినా అది తెర పైభాగాన కదలకుండా ఉండేది. అందులో ఉన్నది ఇంతే: ఇవి అమ్మిన టికెట్లు మాత్రమే. పాసులవాళ్ళు ఈ లెక్కలో లేరు.

ఆఫీసులో అందరూ ఆమెను పిన్నమ్మ అనేవాళ్ళు.

"పిన్నమ్మా, ఆ గడికి కూడా జీతం ఇస్తున్నారా? సీటు వదలదేం?" అనేవాడు పక్క సీటు గుమాస్తా.

"నీకంటే నయం. అది పని చేస్తుంది."

ఇంట్లో ఆమె, అక్క. అక్క ఊరి చివర ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. ఆ దుప్పట్ల మీదే చెల్లెలి చదువు సాగింది. పొద్దున ఐదింటికి పద్నాలుగో నంబరు బస్సు. అందులో ఎక్కేదంతా ఉతికేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, ఆయాలు. దాదాపు అందరివీ నెల పాసులే. ఆ బస్సు లేకపోతే అక్కకి గంటన్నర నడక.

ఆ యేడు కొన్ని బస్సులు ఆపాలన్నారు. లెక్క ఆమెకే ఇచ్చారు. మీటింగు ముందురోజు సూపర్నెంటు వచ్చి తెర చూశాడు.

"ఇదేంటమ్మా, పంటి కింద రాయిలాగా? రేపు పెద్దవాళ్ళు చూస్తారు. తీసెయ్యండి."

"తీస్తే పద్నాలుగో నంబరు ఖాళీగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది సార్."

"తుడిచెయ్యమన్నానా? పైన దాని చోట అదుంటుందిగా. ఎవరైనా అడిగితే చూపిద్దాం."

నిజమే అనిపించింది. తుడవడం లేదు కదా. పిన్ తీసేసింది. గడి పైకి, తన చోటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పెద్ద తెర మీద చివరి పట్టిక ఒక్కటే చూపించారు. పద్నాలుగో నంబరు, మొదటి బస్సు, సగటున నలుగురు.

"నలుగురికి బస్సెందుకండీ, నా కారిస్తా," అన్నాడొకాయన. అందరూ నవ్వారు.

ఆమె చెయ్యి మౌస్ మీదే ఉంది. ఎవరైనా అడిగితే పైకి, ఆ గడికి వెళ్దామని చూసింది. ఎవరూ అడగలేదు. సూపర్నెంటు ఆమె వైపు తిరగలేదు. ఆమె నోరు విప్పలేదు. తర్వాతి బస్సు లెక్కలోకి వెళ్ళారు.

బస్సు ఆగిన రోజు అక్క సాయంత్రం ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుంది. మడమల దగ్గర చెప్పు కరిచింది. పాస్‌ని నేల మీద పెట్టింది.

"ఇంకా పన్నెండు రోజులుంది దీనికి. మీ ఆఫీసేగా ఆపింది?"

"ఊఁ."

"రోజూ నలభై మందిమి ఎక్కుతాం. మీ లెక్కలో మేం లేమటే?"

"లేరని రాశానక్కా. పైన రాసుంది."

"ఎక్కడ పైన?"

అక్క కాసేపు చెల్లెలి మొహం చూసి, "ఇన్ని నీళ్ళు కాచిపెట్టవే," అంది.

మర్నాడు ఆఫీసుకెళ్ళి నోట్‌బుక్ తెరిచి నాలుగో గడిని మళ్ళీ పిన్ చేసింది.

"బస్సు పోయాక చెయ్యెత్తినట్టుంది పిన్నమ్మా," అన్నాడు గుమాస్తా.

మధ్యాహ్నం సూపర్నెంటు అటు వచ్చాడు. తెర చూశాడు. పిన్ తియ్యడానికి ఆమె చెయ్యి మౌస్ మీదికి పోయింది.

"ఉండనివ్వండమ్మా," అన్నాడు. "ఇప్పుడు పర్లేదు."